ఇసుక, పలక, పుస్తకం: మన పల్లె బడుల్లో చదువు నడిచిన దారి

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు ఈ సంచికలో చాలామందే ఉంటారు. ప్రార్థన గంట, లెక్కల మాస్టారి బెత్తం, ఆటల పోటీలు, పంద్రాగస్టు మిఠాయి, ఇవన్నీ వాళ్లు నాకంటే బాగా రాస్తారు. నేను 1974లో కురిచేడులో పదో తరగతి పూర్తిచేసి, తర్వాత టీచర్ ట్రైనింగ్ అయి, ముప్పై నాలుగేళ్లు ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. అందుకని మన ప్రాంతపు పల్లె బడుల్లో చదువు చెప్పే తీరు ఎలా మారుతూ వచ్చిందో, ఏది ఇంకా మారలేదో రాయాలనిపించింది.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒక గది, ఒక వసారా, అయిదు తరగతులు, నలభై మంది దాకా పిల్లలు. నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు వాచకం చేత పట్టుకుని, వరుస కింద వేలు జరుపుకుంటూ పాఠం గడగడా చదివేవాడు. తనిఖీకి వచ్చిన అధికారి కూడా వాణ్ణి మెచ్చుకున్నారు. ఒకరోజు వాడు చదువుతుండగా గాలికి పేజీ తిరిగింది. వాడు గమనించలేదు. వేలు వేరే పాఠం మీద నడుస్తోంది, నోరు పాత పాఠమే చెబుతోంది. దగ్గరికి పిలిచి ఒక్కో అక్షరం చూపించి అడిగితే సగం గుర్తుపట్టలేకపోయాడు. రెండేళ్లుగా నా ఎదుట కూర్చున్న పిల్లవాడికి చదవడం రాదన్న సంగతి ఆ రోజు దాకా నాకు తెలియలేదు.

మొదటినుంచి నేర్పుదామనుకున్నాను. ఈలోగా సంక్రాంతి వెళ్లింది. మిరప కోతలకు గుంటూరు వైపు పోతూ వాళ్ల అమ్మ బడికి వచ్చింది. "చంటిదాన్ని చూసుకునేవాళ్లు లేరు అయ్యవారూ, ఈ రెండు నెలలు వాణ్ణి పంపించండి" అంది. నేను కాదనలేకపోయాను. వేసవికి వాళ్లు తిరిగొచ్చారు గాని, బడి తెరిచాక వాడు మళ్లీ రాలేదు.

ఆ పిల్లవాడి గురించి ఆలోచిస్తూనే నేను పాత సంగతులు వెతికి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ తెలిసింది, ఇది నా ఒక్కడి బడి కథ కాదని.

ఇసుకలో రాసిన అక్షరాలు

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, రాజధానిలోని జిల్లాలన్నిటిలో దేశీయ పాఠశాలలు ఎన్ని ఉన్నాయో, ఎవరు చదువుతున్నారో లెక్కలు పంపమని కలెక్టర్లను అడిగాడు. మార్కాపురం, కంభం వైపు అప్పట్లో కడప జిల్లాలో ఉండేవి. పక్కనే బళ్లారి జిల్లా. ఆ జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక అన్నిటిలోకి వివరమైనది. ఈయనే అంతకు ముందు తెలుగు వ్యాకరణం రాసి అచ్చువేయించిన క్యాంబెల్. అంటే మన భాష తెలిసిన మనిషి.

దాదాపు 9 లక్షల 28 వేల జనాభా ఉన్న ఆ జిల్లాలో ఆయన లెక్కకు వచ్చిన బడులు 533. చదివేవాళ్లు 6,641 మంది. అంటే బడికి పన్నెండు మంది. వీటిలో తెలుగు బడులు 226. హిందువుల బడిపిల్లల్లో ఆడపిల్లలు 60 మందే.

ఆ వీధి బడి నడిచే తీరు మన తాతలు చెప్పినదే. పిల్లవాడు ముందు ఇసుకలో వేలితో అక్షరం దిద్దుతాడు. చేయి తిరిగాక ఆకుల మీదికో, మసి పూసిన పలక మీదికో వస్తాడు. పై తరగతి పిల్లలు కింది పిల్లలకు నేర్పుతారు. అయ్యవారు అందరినీ కనిపెట్టి ఉంటాడు. ఈ పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకున్నాడు. అయితే రెండు లోపాలూ చెప్పాడు. ఒకటి, పిల్లలు చదివే పుస్తకాలు పద్యాల్లో, వాడుకకు దూరమైన భాషలో ఉండటం వల్ల వందల పద్యాలు వల్లిస్తారే గాని అర్థం చిలకకు తెలిసినంతే తెలుస్తుందని. రెండు, పేదరికం వల్ల తల్లిదండ్రులు ఫీజులు కట్టలేక, పిల్లలకు కాస్త చేవ రాగానే పనికి తీసుకుపోతున్నారని.

ఈ రెండు వాక్యాలు చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. వాచకం వల్లించిన నా పిల్లవాడు, మిరప కోతలకు తీసుకుపోయిన వాళ్ల అమ్మ, ఇద్దరూ ఆ నివేదికలో ఉన్నారు. నూట అరవై ఏళ్ల కిందటే.

క్యాంబెల్ చెప్పిన భాష సమస్యను మళ్లీ గట్టిగా ఎత్తినవాడు కూడా ఒక విద్యాధికారే. 1906లో విశాఖపట్నం వైపు పాఠశాలల పరిశీలకుడిగా వచ్చిన జె.ఎ. యేట్స్, జనం మాట్లాడే తెలుగు ఒకటి, బళ్లో నేర్పే తెలుగు ఒకటి ఎందుకు ఉందని అడిగాడు. ఆ ప్రశ్నను గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు అందుకున్నారు. వ్యావహారిక భాషోద్యమం అంటే కవులూ పండితుల తగాదా అని చాలామంది అనుకుంటారు. అది పుట్టింది బళ్లో పిల్లవాడి కష్టం దగ్గర. సవర పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల భాషలో పుస్తకాలు తయారుచేసి, బడులు నడిపిన గిడుగువారికి ఆ కష్టం బాగా తెలుసు.

సీమకు వెళ్లిన మన పద్ధతి

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. మద్రాసులో 1789 నుంచి అనాథ బాలుర ఆశ్రమం చూసుకున్న ఆండ్రూ బెల్, దేశీయ బడిపిల్లలు ఇసుకలో రాసుకుంటూ నేర్చుకోవడం చూసి, ఆ పద్ధతిని తన ఆశ్రమంలో పెట్టాడు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పే ఏర్పాటు కూడా చేశాడు. ఇంగ్లండు వెళ్లి 1797లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. అక్కడ అది 'మద్రాసు పద్ధతి' పేరుతో వేల బడుల్లోకి వెళ్లింది. వీధి అరుగు మీద ఇసుక బడి సీమ పిల్లలకు కూడా చదువు నేర్పిందన్నమాట.

మన చిన్నప్పుడు మాస్టారు రావడం ఆలస్యమైతే క్లాసు లీడరు నిలబడి ఎక్కాలు చెప్పించేవాడు, గుర్తుందా? అది ఆ పద్ధతి తోకముక్క. కాకపోతే అప్పటికి దాని ప్రాణం పోయి అరుపు మాత్రమే మిగిలింది.

తలుపు తెరిచిన బడులు

వీధి బడి గొప్పలు చెప్పుకునేటప్పుడు అది అందరి బడి కాదని కూడా చెప్పుకోవాలి. మాల మాదిగ పిల్లలకు ఆ అరుగు మీద చోటు లేదు. మన వైపు వాళ్లకు బడి తలుపు మొదట తెరిచింది ఎక్కువగా అమెరికన్ బాప్టిస్టు మిషన్. జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. 1876-78 నాటి కరువులో బకింగ్‌హామ్ కాలువ పనుల్లో వేలమందికి కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి చరిత్రకెక్కింది. మతం సంగతి ఎవరి నమ్మకం వాళ్లది. బడి వరకు చూస్తే, ఒంగోలు, కంభం, మార్కాపురం, వినుకొండ చుట్టూ పల్లెల్లో మొలిచిన చిన్న చిన్న మిషన్ బడులు, తరతరాలుగా అక్షరం అందనివాళ్ల చేతికి పలక ఇచ్చాయి. ఒంగోలు మిషన్ స్కూల్లో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు మాస్టారు చేరదీసిన పేద పిల్లవాడే తర్వాత ఆంధ్రకేసరి అయ్యాడు. 1972 నుంచి మన జిల్లా పేరు ఆయన పేరే. ఒక అయ్యవారు ఒక పిల్లవాణ్ణి పట్టించుకుంటే ఏమవుతుందో చెప్పడానికి మనం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు.

పలకల ఊరు

ఇక మన సొంత సంగతి. దేశంలో ఎన్ని లక్షలమంది పిల్లలు అక్షరాలు దిద్దిన రాతి పలకలు మన మార్కాపురం నుంచి వెళ్లాయో లెక్క కట్టలేం. మనమంతా ఆ పలక మీద దిద్దినవాళ్లమే. ఎంగిలితో తుడిస్తే సరస్వతికి కోపమని, నీళ్ల సీసా గుడ్డముక్క వెంట పెట్టుకుని వెళ్లినవాళ్లమే.

ఆ పలకల పనిలో పిల్లలు ఉండేవారన్నది కూడా చరిత్రే. 1986లో బాలకార్మిక చట్టం, 1987లో జాతీయ విధానం వచ్చాక, 1988లో కేంద్రం దేశంలో తొమ్మిది చోట్ల జాతీయ బాలకార్మిక ప్రాజెక్టులు మొదలుపెట్టింది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజులు, మీర్జాపూర్ తివాచీలు, సూరత్ వజ్రాలతో పాటు ఆ తొమ్మిదిలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు పెట్టారు. చదువు, చేతిపని శిక్షణ, భోజనం, కొంత స్టైపెండు ఇచ్చారు. 2021లో ఆ పథకాన్ని సమగ్ర శిక్షలో కలిపేశారు.

ఇతర పిల్లలు రాసుకునే పలకను తయారుచేసే పిల్లవాడికి ఆ పలక మీద రాయడం రాకపోవడం కంటే బాధ ఏముంది? ఆ రోజుల్లో మా ఉపాధ్యాయుల సమావేశాల్లో ఈ మాట వచ్చినప్పుడల్లా అందరం తలవంచుకునేవాళ్లం. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక రాతి పలక బేరం తగ్గింది. ఆ రాయి ఇప్పుడు గోడలకూ నేలలకూ అలంకారంగా విదేశాలకు వెళ్తోంది. పిల్లలు చాలావరకు బడికి వచ్చారు. ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యత 1991లో 44.09 శాతం ఉంటే 2011కు 67.02 శాతం అయింది. అది చిన్న సంగతి కాదు. కానీ బడికి రావడం ఒకటి, చదవడం రావడం ఒకటి.

రెండు గదులు, ఇద్దరు అయ్యవార్లు

1986 జాతీయ విద్యావిధానం తర్వాత నల్లబల్ల పథకం వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి ఉండాలన్నది దాని ఉద్దేశం. ఆ పథకం ధర్మమా అని మా బడికి రెండో టీచరు వచ్చారు. ఆవిడ వచ్చిన రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. అయిదు తరగతులు ఒక్కడే చూసినవాడికే అది తెలుస్తుంది.

తర్వాత బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. మేమంతా 'అప్పెప్' అనేవాళ్లం. ప్రయోగంగా కొద్ది బడుల్లో మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటా విస్తరించింది. దానికి ఆరు సూత్రాలు. పిల్లలు చేసే పనులను టీచరే తయారుచేయాలి. చేస్తూ, కనిపెడుతూ నేర్చుకోనివ్వాలి. ఒంటరిగా, జట్టుగా, తరగతి మొత్తంగా మూడు విధాలా పని చేయించాలి. పిల్లల మధ్య తేడాలను గుర్తించాలి. ఊళ్లో దొరికే వస్తువులనే వాడాలి. పిల్లలు చేసినవాటిని గోడలకు కట్టి గదిని ఆకర్షణీయంగా ఉంచాలి.

ట్రైనింగులో మాకు కందిగింజలు, చింతపిక్కలు, గులకరాళ్లు, పాత పేపర్లు ఇచ్చి కింద కూర్చోబెట్టారు. నలభై ఏళ్ల మాస్టార్లు చింతపిక్కలతో కూడికలు చేస్తుంటే మొదట నవ్వొచ్చింది. తర్వాత అర్థమైంది. చుట్టుపక్కల బడుల టీచర్లం ఉపాధ్యాయ కేంద్రంలో కలిసి, ఎవరు ఏమి చేశారో చెప్పుకునేవాళ్లం. నా ఉద్యోగంలో నేను ఎక్కువగా నేర్చుకున్నది ఆ కేంద్రాల్లోనే.

కానీ నిజం చెప్పాలి. నా తరగతిలో చాలాకాలం జరిగింది పైపై మార్పు. పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టాను, దారాలు కట్టి బొమ్మలు వేలాడదీశాను. మధ్యలో నిలబడి పాత పాఠమే చెప్పాను. నాలుగో సూత్రం, పిల్లల మధ్య తేడాలు, అన్నిటికంటే కష్టమైనది. ఎవరికి ఏది రాదో తెలియకుండా జట్టు కట్టడం వల్ల లాభం లేదని నాకు తెలియడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది.

మదనపల్లె దగ్గరి నిచ్చెన

ఆ కష్టానికి మన రాష్ట్రంలోనే ఒక జవాబు తయారైంది. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో వెలిసిన రిషీవ్యాలీ పాఠశాల ఉంది. దాని గ్రామీణ విద్యాకేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెలకు చిన్న బడులు పెట్టారు. ఒకే గది, ఒకే టీచరు, అన్ని తరగతులూ కలిసే ఉంటాయి. మనం లోపమనుకున్న దాన్నే వాళ్లు పద్ధతిగా మార్చారు.

పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు కార్డులు తయారుచేశారు. కార్డు మీద ఒక గుర్తు. గోడ మీద నిచ్చెన బొమ్మ. పిల్లవాడు బడికి రాగానే తాను ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుని, ఆ కార్డు తీసుకుని, తన జట్టులో కూర్చుంటాడు. ఒక జట్టుకు టీచరు దగ్గరుండి నేర్పుతుంది, ఒక జట్టు తోటివాళ్ల సాయంతో చేస్తుంది, ఒక జట్టు సొంతంగా చేసుకుంటుంది. గోడ చుట్టూ కింద పిల్లల ఎత్తులో నల్లబల్ల. కోతలకు పోయి రెండు నెలల తర్వాత వచ్చిన పిల్లవాడు వదిలిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడతాడు. తరగతి ముందుకు పోయింది, వాడు వెనకబడ్డాడు అన్న మాటే ఉండదు.

ఈ చివరి మాట చదివినప్పుడు మళ్లీ నా పిల్లవాడే గుర్తొచ్చాడు. వాడు తిరిగి రాకపోవడానికి పేదరికం ఒక్కటే కారణం కాకపోవచ్చు. వచ్చి ఎక్కడ కూర్చోవాలో వాడికి తెలియలేదు.

ఈ పద్ధతి 1995లో కర్ణాటకలో మైసూరు జిల్లా హెచ్.డి. కోట తాలూకాలో 'నలి-కలి'గా, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో కృత్యాధార బోధనగా వెళ్లింది. ఇసుక బడి సీమకు వెళ్లినట్టే, మన ఒంటి టీచరు బడి ఇరుగు పొరుగు రాష్ట్రాలకు వెళ్లింది.

అయిదు వందల బడుల లెక్క

2005లో మన రాష్ట్రంలోనే ఇంకో పెద్ద ప్రయత్నం జరిగింది. రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచబ్యాంకు, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ కలిసి, అయిదు జిల్లాల్లో 500 గ్రామీణ ప్రాథమిక పాఠశాలలను లాటరీ పద్ధతిలో విడదీసి, ఏది చేస్తే పిల్లలు నిజంగా నేర్చుకుంటారో పరీక్షించాయి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆ ఫలితాలను అచ్చువేశారు.

పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చిన బడుల్లో చదువు మెరుగైంది. టీచర్ల హాజరు పెరగలేదు గాని, వచ్చిన రోజున ఎక్కువ నేర్పారు. పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో కాగితాల మీద వివరంగా రాసిచ్చి ఊరుకున్న బడుల్లో పిల్లల మార్కులు పెరగలేదు. నోటు పుస్తకాలు, సామగ్రి కోసం డబ్బు ఇచ్చిన బడుల్లో మొదటి ఏడు లాభం కనిపించింది. రెండో ఏడు, ఇస్తారని ముందే తెలిసిన తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు. ఆ ఏడు అదనంగా నేర్చుకున్నది కనపడలేదు.

బోనస్‌ల సంగతి ప్రభుత్వాల పని. చివరి ఫలితం మాత్రం మన సంఘం లాంటి వాళ్లు గుర్తుపెట్టుకోవలసినది. పేద తండ్రికి పుస్తకాల ఖర్చు మిగిలితే మంచిదే. కానీ ఏటా సంచులు, నోటు పుస్తకాలు పంచి ఫోటో దిగితే పిల్లలకు చదువు వచ్చినట్టు కాదు.

మనం చేయగలిగింది

ఈ యాభై ఏళ్లలో మన సంఘం సభ్యులు బడుల కోసం ఇచ్చినదాన్ని నేను తక్కువ చేయడం లేదు. నేనూ ఇచ్చినవాణ్ణే. స్వర్ణోత్సవం గుర్తుగా ఏమి కట్టిద్దామని అడుగుతున్నారు గనుక నా మనవి ఇది.

జూన్‌లో ఆరో తరగతిలో చేరే ప్రతి పిల్లవాణ్ణీ, ప్రతి పిల్లనూ విడిగా కూర్చోబెట్టి, రెండో తరగతి స్థాయి చిన్న కథ ఒకటి ఇచ్చి చదివించాలి. వాచకంలోది కాదు, ఎప్పుడూ చూడనిది. 2005 నుంచి 'అసర్' సర్వేలో ఊరూరా చేస్తున్నది ఇదే. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు చాలు. కథ చదవలేకపోతే నాలుగు వాక్యాలు, అవీ రాకపోతే మాటలు, అవీ రాకపోతే అక్షరాలు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం పిల్లలను తిట్టడానికి గాని, వాళ్లు చదివి వచ్చిన బడిని తప్పుపట్టడానికి గాని కాదు. మొదలుపెట్టే చోటు తెలియడానికి.

తర్వాత రోజుకు ఒక గంట ఆ మెట్లను బట్టి జట్లు కట్టి చదివించాలి. హెడ్మాస్టరు గారు, ఉపాధ్యాయులు ఒప్పుకుంటే, ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లలు ఇద్దరు ముగ్గురికి గౌరవ వేతనం సంఘం ఇవ్వవచ్చు. కథల పుస్తకాలు కొనవచ్చు. నాలాంటి రిటైరైన వాళ్లం వారానికి రెండు రోజులు వచ్చి కూర్చోగలం. డిసెంబరులో మళ్లీ అదే పరీక్ష పెట్టి చూడాలి. ముందుకు జరగని పిల్లలు ఉంటే తప్పు మన పద్ధతిలో ఉందని ఒప్పుకుని మార్చుకోవాలి. స్వాగత తోరణం కంటే దీనికి ఖర్చు తక్కువ. పేరు కూడా తక్కువే. శిలాఫలకం మీద చెక్కించడానికి ఏమీ ఉండదు.

కొన్నేళ్ల కిందట బ్యాంకులో ఒకాయన నా దగ్గరికి వచ్చి, "బాగున్నారా అయ్యవారూ, ఈ ఫారం కాస్త నింపి పెట్టండి" అన్నాడు. తల నెరిసింది గాని గుర్తుపట్టాను. నాలుగో తరగతిలో వాచకం గడగడా వల్లించిన పిల్లవాడే. హైదరాబాదులో మేస్త్రీ పని చేస్తున్నాడట. సంతకం మాత్రం నేర్చుకున్నాడు. బొమ్మ గీసినట్టు నెమ్మదిగా గీసి, సరిగ్గా ఉందా అన్నట్టు నా వైపు చూశాడు. నా మీద అతనికి కోపం లేదు. అదే నాకు కష్టమనిపించింది.

మనవరాలు వచ్చే ఏడు ఆరో తరగతిలో చేరుతుందని చెప్పాడు. "బాగా చదువుద్ది అయ్యవారూ, పుస్తకం ఇస్తే గడగడా చదివేస్తది" అన్నాడు. నేను బాగుందన్నాను. కానీ వెళ్లి ఆ పిల్లను కూర్చోబెట్టి, వాచకంలో లేని కథ ఒకటి చదివించి చూడాలని ఆ క్షణమే అనుకున్నాను. చూశాను. ఆ పిల్ల ఆగి ఆగి, కూడబలుక్కుని, ఒక మాట తప్పు చదివి మళ్లీ తానే సరిదిద్దుకుని, కథ చివరిదాకా చదివింది. నాకు ఆ ఆగడమే ఆనందం కలిగించింది. వల్లించేవాళ్లు ఆగరు.

అలా ఆగి చదివే పిల్లలు మన ఊరి ప్రతి ఇంట్లో ఉండాలని కోరుకుంటున్నాను.